మారన్ గ్యారేజీ మాటలు

2025 అక్టోబరు 13న అమెరికన్ కమెడియన్ మార్క్ మారన్ ఇంటర్వ్యూల పాడ్‌కాస్ట్ (ఫోన్‌లో వినే రేడియోలాంటి కార్యక్రమం) 'డబ్ల్యూటీఎఫ్' చివరి ఎపిసోడ్ వచ్చింది. 2009 సెప్టెంబరు 1న మొదలైన ఆ కార్యక్రమం సోమవారం ఒకటి, గురువారం ఒకటి చొప్పున 16 ఏళ్లు నడిచింది. 1,600 ఎపిసోడ్లు దాటాయి. సోమవారం పొద్దున ఫోన్ తీస్తే ఇప్పటికీ నా వేలు దాని మీదికే పోతుంది. అమెరికా వచ్చాక పరిచయమైన గొంతుల్లో ఇన్నేళ్లపాటు నన్ను వదలకుండా ఉన్నది ఇదొక్కటే. అందుకే నాకు తెలిసినది, గుర్తున్నది ఒకచోట రాసి పెట్టాలనిపించింది.

నేను మారన్‌ని మొదట విన్నది న్యూయార్క్ పక్కనున్న జెర్సీ సిటీలో. 1963లో అతను పుట్టిన ఊరు కూడా అదేనని తర్వాతెప్పుడో తెలిసింది. జర్నల్ స్క్వేర్ దగ్గర ఒక కన్సల్టెన్సీ వాళ్ల గెస్ట్‌హౌస్‌లో ఉండేవాళ్లం. గదికి ముగ్గురు నలుగురం, హాల్లో పరుపులు, వంట వంతులవారీగా. ఆ పేట మనవాళ్లలో చాలామందికి తెలుసు. న్యూఆర్క్ అవెన్యూలోకి వెళ్తే గోంగూర పచ్చడి దగ్గర్నుంచి అగరొత్తుల దాకా అన్నీ దొరికేవి. ప్రాజెక్టు దొరికాక రోజూ పాత్ రైలెక్కి మన్‌హట్టన్ వెళ్లేవాణ్ని. హడ్సన్ నది కిందినుంచి పోతుంది ఆ రైలు. సొరంగంలో ఫోన్ పనిచేసేది కాదు. వినాలంటే రాత్రే ఐట్యూన్స్‌లో దింపుకుని, కేబుల్ పెట్టి ఐపాడ్‌లోకి ఎక్కించుకోవాలి. గదిలో ఉన్న ఒంగోలు కుర్రాడు చెప్పాడు, "ఈయన్ని విను. బూతులెక్కువ, కానీ వీళ్లు ఇళ్లల్లో నిజంగా ఎలా మాట్లాడుకుంటారో తెలుస్తుంది" అని. కార్యక్రమం పేరే ఒక బూతుకి పొట్టి రూపం, డబ్ల్యూటీఎఫ్.

కమెడియన్ కదా, జోకులు చెబుతాడనుకున్నాను. మొదటి పది పదిహేను నిమిషాలు అతను ఒక్కడే మాట్లాడాడు. పిల్లుల గురించి, తాగిన కాఫీ గురించి, ఎవరితోనో పడ్డ గొడవ గురించి, రాత్రి నిద్ర పట్టకపోవడం గురించి. తన కోపం, తన అసూయ, చితికిపోయిన పెళ్లిళ్లు, ఏదీ దాచుకోలేదు. అదంతా అయ్యాకే ఆ వారం అతిథి వచ్చాడు. ప్రతిసారీ ఇదే వరస. చాలామంది ఆ ముందుమాట దాటేసి ఇంటర్వ్యూకి పోతారు. నాకు మాత్రం మొత్తం పట్టు అక్కడే ఉందనిపించేది. అతను ముందు తన గుండె విప్పుతాడు, కాబట్టి ఎదురుగా కూర్చున్న మనిషికి తనదీ విప్పడానికి ధైర్యం వస్తుంది.

ఆ స్థితికి అతను ఎలా వచ్చాడన్నది తెలియాలి. తండ్రి ఎముకల డాక్టరు. ఆయన ఎయిర్‌ఫోర్స్‌లో పనిచేసిన రోజుల్లో కుటుంబం అలాస్కాలో ఉంది, తర్వాత న్యూ మెక్సికోలోని ఆల్బకర్కీలో స్థిరపడింది. మారన్ బోస్టన్ యూనివర్సిటీలో ఇంగ్లిష్ సాహిత్యం చదివి, కమెడియన్ అవుదామని లాస్ ఏంజెలెస్ వెళ్లాడు. కామెడీ స్టోర్ అనే పేరుమోసిన క్లబ్బులో డోర్‌మన్‌గా చేరాడు. అప్పట్లో అక్కడ వెలిగిపోతున్న కమెడియన్ శామ్ కినిసన్ ముఠాతో తిరిగి, కొకైన్‌లో పడి, మతి చెదిరే స్థితికి వచ్చి ఆ ఊరు వదిలేశాడు. తర్వాత మళ్లీ బోస్టన్, న్యూయార్క్. కోనన్ ఓబ్రయన్ టీవీ టాక్ షోకి 40 సార్లకు పైగా వెళ్లాడు. తోటి కమెడియన్లందరికీ అతని ప్రతిభ తెలుసు. కానీ పేరు మాత్రం రాలేదు. తన పక్కన నిలబడి మైకు పట్టుకున్నవాళ్లు ఒక్కొక్కరే సొంత టీవీ షోలు, సినిమాలు తెచ్చుకుంటుంటే అతను చూస్తూ ఉండిపోయాడు. 1999లో మందు, డ్రగ్స్ మానేశాడు. ఆ మాట మీద ఇప్పటికీ నిలబడి ఉన్నాడు.

2004లో ఎయిర్ అమెరికా అనే రేడియో నెట్‌వర్క్ మొదలైనప్పుడు పొద్దుటి కార్యక్రమానికి అతన్ని తీసుకున్నారు. రెండేళ్లు తిరక్కుండానే ఆపేశారు. మళ్లీ పిలిచారు, మళ్లీ ఆపేశారు. 2009 వేసవిలో ఆ సంస్థలో అతని చివరి కార్యక్రమం కూడా మూతపడేసరికి వయసు 45 దాటింది, రెండో పెళ్లి పెటాకులైంది, చేతిలో డబ్బు లేదు. అప్పుడు ప్రొడ్యూసర్ బ్రెండన్ మెక్‌డొనాల్డ్, తను కలిసి ఒక పని చేశారు. ఉద్యోగం పోయినా వాళ్ల ప్రవేశ కార్డులు ఇంకా పనిచేస్తున్నాయి. రాత్రిపూట అదే స్టూడియోలోకి వెళ్లి పాడ్‌కాస్ట్ రికార్డు చేశారు. మొదటి ఎపిసోడ్లు అలా పుట్టినవే. ఆ తర్వాత లాస్ ఏంజెలెస్‌లోని హైలాండ్ పార్క్‌లో తన చిన్న ఇంటికి వెళ్లిపోయి, వెనక గ్యారేజీలో పుస్తకాల మధ్య రెండు మైకులు పెట్టుకున్నాడు. తనను తీసేసిన ఎయిర్ అమెరికా 2010 జనవరిలో దివాలా తీసింది. గ్యారేజీ నిలబడింది.

అప్పట్లో పాడ్‌కాస్ట్ అంటే డబ్బొచ్చే పని కాదు. వ్యాపార పద్ధతి కూడా వాళ్లే కనిపెట్టుకున్నారు. ఇటీవలి 50 ఎపిసోడ్లు ఉచితంగా ఉండేవి, అంతకుముందువి వినాలంటే చందా కట్టాల్సి వచ్చేది. ప్రకటనలు అతనే చదివేవాడు, మొదట్లో ఎక్కువగా ఒక కాఫీ కంపెనీవి.

2010 అక్టోబరులో కమెడియన్ లూయీ సీకేతో రెండు భాగాల సంభాషణ వచ్చింది. అది నాకు బాగా గుర్తు. ఇద్దరూ కుర్రతనం నుంచి స్నేహితులు. లూయీకి పేరొచ్చింది, మారన్‌కి రాలేదు, మధ్యలో మాటలు తెగిపోయాయి. ఆ గ్యారేజీలో కూర్చుని అసలు ఎక్కడ చెడిందో ఇద్దరూ తవ్వుకున్నారు. తను కష్టంలో ఉన్నప్పుడు స్నేహితుడు కావలసి వచ్చిందని, నువ్వేమో అసూయతో మొహం చాటేశావని లూయీ సూటిగా చెప్పేశాడు. మారన్ కాదనలేదు. తన కూతురు పుట్టిన సంగతి చెబుతూ లూయీ గొంతు పూడుకుపోయి ఆగిపోయాడు. జర్నల్ స్క్వేర్ స్టేషన్ వచ్చినా దిగబుద్ధి కాలేదు. మగవాళ్లు ఇద్దరు, అందులోనూ స్నేహితులు, ఇలా కూర్చుని మాట్లాడుకోవడం నేను అంతవరకూ వినలేదు. మా ఇళ్లల్లో మగవాళ్ల మధ్య కోపం వస్తే అరుపులుంటాయి, లేదా ఏళ్ల తరబడి మౌనం. మధ్యలో ఇంకేమీ ఉండదు.

ఆ ఎపిసోడ్ గురించి తర్వాత జరిగింది కూడా చెప్పాలి. 2017 నవంబరులో అయిదుగురు మహిళలు లూయీ తమతో ఎంత అసభ్యంగా ప్రవర్తించాడో న్యూయార్క్ టైమ్స్‌కి చెప్పారు. అవన్నీ నిజమేనని అతను ఒప్పుకున్నాడు. మారన్ వెంటనే తన కార్యక్రమంలో దీని గురించి మాట్లాడాడు. ఆ పుకార్ల గురించి తను ముందే లూయీని అడిగానని, నిజం కాదంటే నమ్మానని, అలా నమ్మడం వల్లే ఆ ఆడవాళ్ల మాట వినపడకుండా పోయిందని అన్నాడు. తన స్నేహితుణ్ని వెనకేసుకు రాలేదు. నేను ఆ రెండు భాగాలు మళ్లీ విననూ లేదు, వినమని ఎవరికీ చెప్పనూ లేదు. కానీ 2010లో అవి నాలో కదిలించింది మాత్రం ఉంది.

ఆదివారం ఆదివారం ఇంటికి ఫోన్ చేసేవాణ్ని. నాన్నతో మాటలు ఎప్పుడూ ఒకటే. భోంచేశావా, చలి ఎలా ఉంది, డబ్బులు అందాయా, ఇదిగో మీ అమ్మకిస్తున్నా. ఒక ఆదివారం ప్రాజెక్టు అయిపోయింది, కొత్తది దొరక్క బెంచ్ మీద ఉన్నాను, వీసా సంగతి తల్చుకుంటే రాత్రిళ్లు టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు అని నాన్నకి చెప్పాను. ఆయనకి అలాంటివి ఎప్పుడూ చెప్పలేదు. కాసేపు ఏమీ మాట్లాడలేదాయన. తర్వాత, "ఒరేయ్, నాకూ ఒకసారి అలాగే అయింది" అని మొదలుపెట్టారు.

మాది దుగ్గిరాల దగ్గర పల్లె. పసుపు వ్యాపారానికి ఆ ఊరు పెట్టింది పేరు. నా చిన్నప్పుడు నాన్న, ఆయన ప్రాణ స్నేహితుడు (నేను బాబాయ్ అనే పిలిచేవాణ్ని) కలిసి అప్పు తెచ్చి పసుపు కొని కోల్డ్ స్టోరేజీలో పెట్టారు. ధర పెరుగుతుందనుకుంటే పడిపోయింది. అద్దె, వడ్డీ పోను చేతికేం రాలేదు. లెక్కల దగ్గర మాటా మాటా పెరిగింది. ఆ తర్వాత ఒకే వీధిలో ఉంటూ ఏళ్ల తరబడి ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. బాబాయ్ మా ఇంటికి రావడం ఎందుకు మానేశాడో నాకు ఎవరూ చెప్పలేదు. ఆ ఆదివారం నాన్న చెప్పారు. "వాడి తప్పేం లేదురా. నష్టమొచ్చిన ఉక్రోషం ఎవరి మీద చూపించాలో తెలీక వాడి మీద చూపించా." అమ్మకు ఫోన్ ఇవ్వకుండా గంటకు పైగా మాట్లాడారు. ఆ ఏడే బాబాయ్ కూతురి పెళ్లి శుభలేఖ వస్తే నాన్న వెళ్లారు. భోజనాలయ్యాక ఇద్దరూ పందిట్లో కుర్చీలు వేసుకుని పొద్దుపోయేదాకా కూర్చున్నారని అమ్మ చెప్పింది.

ఇదంతా మారన్ వల్లే జరిగిందని నేననను. కానీ నా భయం నేను ముందు చెప్పుకోవచ్చన్న ఆలోచన నాకు అతని దగ్గర్నుంచే వచ్చింది.

మారన్ సంభాషణల్లో అన్నిటికన్నా విలువైనది 2010 ఏప్రిల్ నాటి హాలీవుడ్ నటుడు, కమెడియన్ రాబిన్ విలియమ్స్‌ది అని నా నమ్మకం. అతిథి గ్యారేజీకి రాలేదు, మారనే శాన్‌ఫ్రాన్సిస్కో దగ్గర ఆయన ఇంటికి వెళ్లాడు. వేదిక మీద ఊపిరి తీసుకోకుండా వంద గొంతులు పలికించే మనిషి ఇక్కడ మెల్లగా, అలసటగా, దగ్గరి మనిషితో మాట్లాడినట్టు మాట్లాడాడు. గుండె ఆపరేషన్ తర్వాత చిన్న విషయాలకే కన్నీళ్లు రావడం, చాలా ఏళ్లు మానేసిన మందు మళ్లీ అంటుకోవడం, పక్కవాళ్ల జోకులు వాడుకుంటాడన్న నింద, అన్నీ. చచ్చిపోవాలన్న ఆలోచన ఒకసారి వచ్చినప్పుడు తనతో తనే ఎలా వాదించుకున్నాడో కూడా చెప్పాడు, అదీ నవ్విస్తూనే. 2014 ఆగస్టు 11న ఆయన పోయాక మారన్ ఏడుస్తూ నాలుగు మాటలు చెప్పి ఆ ఎపిసోడ్ మళ్లీ వేశాడు. నవ్వొచ్చిన చోటల్లా ఈసారి గుండె పట్టేసింది. 2022లో అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్, జాతి శాశ్వతంగా భద్రపరచుకోవలసిన రికార్డింగుల జాబితాలో దాన్ని చేర్చింది. ఉద్యోగం ఊడి ఏడాది తిరగని మనిషి చేసిన పని అది.

ఒబామా వచ్చిన సంగతి అందరికీ తెలిసిందే. 2015 జూన్ 19న, అధ్యక్షుడిగా ఉండగానే, ఆ గ్యారేజీకి వెళ్లారు. పక్కింటి కప్పు మీద స్నైపర్లు. అంతకు రెండు రోజుల ముందే చార్ల్‌స్టన్ చర్చిలో తొమ్మిదిమంది నల్లజాతివాళ్లను ఒకడు కాల్చి చంపాడు. ఒబామా జాతివివక్ష గురించి ఏ ముసుగూ లేకుండా మాట్లాడారు, నల్లవాళ్లను తిట్టే ఆ మాటను కూడా నోటితో పలికారు. జూన్ 22న ఆ ఎపిసోడ్ వచ్చాక పత్రికలన్నీ ఆ ఒక్క మాట చుట్టూనే తిరిగాయి. నాకు మాత్రం గుర్తుండిపోయింది వేరు. చదువుకునే రోజుల్లో ఆ దగ్గర్లోని ఆక్సిడెంటల్ కాలేజీలో ఉన్నప్పటి సంగతులు ఆయన చెప్పుకొచ్చిన తీరు. తన పిల్లుల గురించి గంటలు మాట్లాడే మనిషి దగ్గర దేశాధ్యక్షుడు కుర్రాడిలా మారిపోయారు.

అంతకంటే నాకిష్టమైనది అదే ఏడు నవంబరులో వచ్చిన లార్న్ మైకేల్స్ ఎపిసోడ్. 'సాటర్‌డే నైట్ లైవ్' అనే టీవీ కామెడీ షో సృష్టికర్త ఆయన. 1995లో మారన్ ఆ షోలో అవకాశం కోసం ఆయన గదిలో కూర్చున్నాడు. బల్ల మీద గిన్నెలో ఉన్న చప్పరించే బిళ్ల ఒకటి తీసుకున్నాడు. ఆ క్షణంలో మైకేల్స్ చూసిన చూపుతో తన కథ ముగిసిందని, అదొక పరీక్ష అని, తను తప్పానని మారన్ 20 ఏళ్లు నమ్మాడు. వచ్చిన అతిథుల్లో ఆ షోతో సంబంధమున్న ప్రతివాణ్నీ మైకేల్స్ గురించి అడిగాడు. చివరికి ఆయనే ఎదురుగా కూర్చున్నప్పుడు ఆ బిళ్ల సంగతి అడిగేశాడు. అలాంటిదేమీ లేదన్నారాయన. ఒక మనిషి సగం జీవితం మోసుకు తిరిగిన రాయి అలా పక్కకు దొర్లిపోవడం విన్నాను. నాకు తెలిసిన ఎంతమంది ఏ ఇంటర్వ్యూలోనో ఎవరో చూసిన చూపుని ఇలా మోస్తున్నారో!

ఈలోగా లోకం మారిపోయింది. కమెడియన్లంతా పాడ్‌కాస్టుల్లోకి వచ్చారు. జో రోగన్ కూడా 2009 చివర్లోనే మొదలుపెట్టాడు, కోనన్ 2018లో వచ్చాడు. మన తెలుగింటి కుర్రాడు, న్యూయార్క్ క్వీన్స్‌లో పుట్టిన హరి కొండబోలు 2016లో మరో కమెడియన్ కమావ్ బెల్‌తో కలిసి రాజకీయాల మీద ఒకటి నడిపాడు. ఇంటిపేరు కొండబోలు అని వినగానే ప్రాణం లేచొచ్చింది. మారన్‌కి నటుడిగా కూడా మంచి వేషాలు వచ్చాయి. నెట్‌ఫ్లిక్స్‌లో 'గ్లో' సిరీస్‌లో డైరెక్టర్ పాత్ర చూసినవాళ్లకి తెలుసు. నడివయసులో వచ్చిన పేరు అతన్ని మెత్తబరిచింది, గొంతులోనే తెలిసేది.

2020 మే 16న అతనితో కలిసి ఉంటున్న దర్శకురాలు లిన్ షెల్టన్ చనిపోయింది. వయసు 54. గొంతు నొప్పి, జ్వరం అనుకున్నది రక్త క్యాన్సర్. కోవిడ్ మూలంగా అందరూ ఇళ్లల్లో బందీలుగా ఉన్న రోజులు. రెండు రోజులు తిరక్కుండా సోమవారం ఎపిసోడ్ వచ్చింది. అతను మైకు ముందు కూర్చుని వెక్కివెక్కి ఏడ్చాడు. ఇలా మాట్లాడొచ్చో లేదో తెలీదని, కానీ తనకు తెలిసిన పని ఇదేనని చెప్పి, 2015లో ఆమె మొదటిసారి తన గ్యారేజీకి వచ్చినప్పటి సంభాషణ వేశాడు. అందులో ఇద్దరూ అప్పుడే పరిచయమైన మనుషుల్లా నవ్వుకుంటున్నారు.

ఏడాది తర్వాత, రెండో వేవ్‌లో, నాన్న పోయారు. నేను వెళ్లలేకపోయాను. విమానాలు అరకొర, వీసా స్టాంపింగ్ లేదు, వెళ్తే తిరిగి రావడం ఎప్పుడో తెలీదు. వాట్సాప్ వీడియోలో చూశాను, అంతే. రోజులు గడిచాక కూడా నా నోట మాట రాలేదు. ఇంట్లో ఎవరైనా పలకరిస్తే తల ఊపేవాణ్ని. ఒక రాత్రి లిన్ షెల్టన్ ఎపిసోడ్ ముందుమాట పెట్టుకుని, పార్కింగ్‌లో కారులోనే కూర్చుని విన్నాను. ఆ పరాయి మనిషి ఏడుస్తుంటే నాకూ ఏడుపు వచ్చింది. అప్పటిదాకా రాలేదు.

ఆ వారంలోనే బాబాయ్ ఫోన్ చేశాడు. నన్ను ఓదార్చే మాటలేవీ అనలేదు. "ముందు నా సంగతి చెప్తాను వినరా" అన్నాడు. పసుపు గొడవలో తను నాన్నని అన్న మాటలు చెప్పాడు. నాన్న తనతో అన్న మాటల కంటే అవే ఘోరంగా ఉన్నాయి. పెళ్లి పందిట్లో నాన్న వచ్చి పక్కన కూర్చున్నాక ముందు నోరు విప్పింది ఎవరో, ఏమనుకున్నారో చెప్పాడు. చివర్లో, ఆసుపత్రికి వెళ్లేముందు నాన్న తనకి ఫోన్ చేసి నా గురించి ఏమన్నారో కూడా చెప్పాడు. అది ఇక్కడ రాయను. మార్క్ మారన్ ఎవరో బాబాయ్‌కి తెలీదు, తెలియాల్సిన పనీ లేదు.

2025 జూన్‌లో ఆపేస్తున్నామని ప్రకటించినప్పుడు మారన్, మెక్‌డొనాల్డ్ చెప్పిన కారణం సాదాగా ఉంది. అలసిపోయాం, చేసిన పని తృప్తిగా ఉంది, బాగా ఉన్నప్పుడే ఆపేద్దామనుకున్నాం. 16 ఏళ్లు ఇద్దరే నడిపారు దాన్ని. ఎవరికో అమ్మేసి పేరు మాత్రం కొనసాగించలేదు. చివరి అతిథి మళ్లీ ఒబామాయే. ఈసారి మారనే వాషింగ్టన్‌లో ఆయన ఆఫీసుకి వెళ్లాడు. ఇన్నేళ్లు చేసిన పని నుంచి దిగిపోవడం ఎలా ఉంటుందని అడిగాడు. రెండుసార్లు అధ్యక్షుడిగా చేసి దిగిపోయిన మనిషినే కదా అడగాలి ఆ ప్రశ్న.

ఎవరైనా కొత్తగా వినాలనుకుంటే రాబిన్ విలియమ్స్‌తో మొదలుపెట్టండి. తర్వాత లార్న్ మైకేల్స్. ఒబామావి 2015ది, 2025ది వెంటవెంటనే వినండి, మధ్యలో దేశం ఎంత మారిందో వాళ్లిద్దరి గొంతుల్లోనే తెలుస్తుంది. ముందుమాటలు దాటేయకండి. పిల్లలు బండిలో ఉంటే మాత్రం పెట్టకండి, మొదటి నిమిషంలోనే బూతులు వస్తాయి.